తాటాకు నుండి కంప్యూటరు వరకు : అక్షరములను శుభ్రపరచు విద్య



ఉగాది సంచిక చేతికి వచ్చిన వెంటనే మనలో ప్రతివారును మొదట చేయు పని యొకటి కలదు. తన పేరు ఎక్కడ పడినదో, సరిగా పడినదో లేదో చూచుకొందురు. కవితలును వ్యాసములును ఆ పిమ్మటనే. ఇందులో తప్పేమియు లేదు. పరాయి రాష్ట్రమున పుట్టి పెరిగి, బడిలో మరాఠీ చదివి, అంగడిలో కన్నడమును హిందీయు మాటలాడు మనకు, మన పేరు తెలుగు లిపిలో అచ్చయి కనిపించునది సంవత్సరమున కొక్కమారు, ఈ సంచికలోనే గదా!

నిరుడు అట్లు చూచుకొనిన వారిలో పలువురికి మనస్తాపము కలిగెను. రామ్‌దాస్ అను పేరు గలవారందరును "రామ్దాస్" అయిరి. "సోలాపూర్‌లో" అను మాట ప్రతి పుటయందును "సోలాపూర్లో" అయి కూర్చుండెను. "పోస్ట్‌మాస్టర్" అను పదవి "పోస్ట్మాస్టర్" అయి, మూడంతస్తుల మేడ వలె ఒకే అక్షరము క్రింద కుప్పపడెను. పెనిమిటి సంవత్సరీకమునకై అరపుట ప్రకటన ఇచ్చిన ఒక పెద్దమ్మకు, ఆ ప్రకటనలో ఆయన పేరే చెడిపోయి కనిపించెను. ఆమె మమ్ములను నిందింపలేదు. "మళ్ల అచ్చెయ్యరు గద బిడ్డా" అని మాత్రము అడిగి, పుస్తకమును కొంగులో చుట్టుకొని వెడలిపోయెను.

వ్రాసినవారు తప్పు వ్రాయలేదు. టైపు చేసినవారు తప్పు కొట్టలేదు. ప్రూఫులు చూచిన వారిలో మేమును ఒకరము; ప్రూఫులలో అన్నియు సరిగానే యుండెను. విచారింపగా తేలినదేమనగా, ప్రూఫులు ముగిసిన పిమ్మట, అచ్చునకు పోవు రాత్రి, "శుభ్రము చేయుట" అను పేర కంప్యూటరులో ఒక చిన్న ఆజ్ఞాపత్రమును నడిపిరి. దానినే వారు స్క్రిప్టు అందురు. అరనిమిషములో సంచిక యంతయు శుభ్రమయ్యెను. ఆ శుభ్రములోనే ఈ తప్పులన్నియు పుట్టెను.

శుభ్రము చేయగా చెడుట యేమి? ఈ ప్రశ్న మమ్ములను ఏడాది పొడుగునను వెంటాడెను. తెలిసికొనిన కొలది ఇది నేటి యంత్రముతో మొదలయిన కథ కాదనియు, తెలుగు వ్రాతకు మొదటినుండియు అంటియున్న కథయేననియు తోచెను. ఆ చరిత్రను, అందులోని నీతిని, సంఘ సభ్యుల ముందుంచుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

బ్రౌను దొర కొలువు

తాటాకుపై గంటముతో వ్రాసిన కాలమున, ఒక గ్రంథము బ్రతుకవలెనన్న దానికి ప్రతి వ్రాయుటయే మార్గము. ఆకునకు ఆయువు తక్కువ. చెదలు, తేమ, మంట దానికి శత్రువులు. ప్రతి నుండి ప్రతి, దాని నుండి మరియొక ప్రతి వ్రాయుచు పోగా, ఒక లేఖకుని పొరపాటు తరువాతివాని మూలమగును. అందుచేతనే పలువురు లేఖకులు గ్రంథాంతమున, తప్పులున్నచో పెద్దలు మన్నించి దిద్దుకొనవలెనని వేడుకొనెడివారు. దిద్దుకొను భారము చదువరిది. చదువరి పండితుడయినచో గ్రంథము బాగుపడెను. కానిచో ఉన్నదియు చెడెను.

ఈ చిక్కును మొదట పెద్దయెత్తున పట్టించుకొనినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను. ఆయన 1798లో కలకత్తాలో జన్మించెను. 1817లో మద్రాసునకు కుంపిణీ కొలువునకు వచ్చి, 1820లో కడప చేరెను. తెలుగు గ్రంథముల ప్రతులను సేకరించుటకు సొంత సొమ్ము వెచ్చించి, లేఖకులను పండితులను కొలువున పెట్టుకొనెను. ఆయన పద్ధతి గమనింపదగినది. ఒక గ్రంథమునకు దొరికినన్ని ప్రతులు తెప్పించి, ఒకదానితో నొకటి పోల్పించి, ఎక్కడెక్కడ పాఠములు వేరయినవో ఆ భేదములను వ్రాయించెను. ఆ పిమ్మటనే జూలూరి అప్పయ్య మొదలగు పండితుల సాయమున ఏది తప్పో, ఏది ఒప్పో తేల్చెను. వేమన పద్యములు 1829లో అచ్చయినవి. ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడెను.

ఇందులో రెండు సంగతులు మనకు ముఖ్యము. మొదటిది, బ్రౌను దిద్దుటకు ముందు పోల్చెను. పాత పాఠమును చెరిపివేయక ప్రక్కన నుంచెను. రెండవది, ఆయనకును తప్పని మొగ్గు కలదు. అరసున్నయు బండి ఱకారమును వాడుకలో లేవని ఎంచి వానిని విడిచిపెట్టెను. ఆ కాలపు లాక్షణికులకు అది నచ్చలేదు. కాని ఆయనయే దంత్య చకార జకారములను వేరు గుర్తులతో చూపి నిలుపుటకు పాటుపడెను. ఒకరి కంటికి చెత్త యగునది మరియొకరి కంటికి అక్షరము. ఈ తగవు అప్పటినుండి నేటివరకు తీరలేదు. ఆ దంత్యాక్షరములు ౘ, ౙ అను రెండును యూనికోడు పట్టికలో 2008లో చేరినవని తెలిసినప్పుడు, నూటయేబది యేండ్లు దాటిన పిమ్మట బ్రౌను దొర మాట నెగ్గినదని మేము సంతోషించితిమి.

సీసపు అక్షరములు

తెలుగు మొదట అచ్చయినది మన దేశమున కాదు. బెంజమిన్ షుల్జ్ అను మతబోధకుడు జర్మనీలోని హాలె నగరమున 1746లో తెలుగు పుస్తకములను అచ్చు వేయించెను. మన దేశమున సీరామపురపు ముద్రణాలయము విలియం కేరీ పేర ప్రసిద్ధము. 1812 మార్చి 11వ తేదీ రాత్రి అది తగులబడి, పెక్కు భాషల అచ్చక్షరములును వ్రాతప్రతులును బూడిదయ్యెను. అక్షరములను పోతపోయుటకు వలయు ఉక్కు ముద్రలు మాత్రము మిగిలెను. కరగి ముద్దయిన సీసమునే తిరిగి పోతపోసి పని సాగించిరి. 1814లో కేరీ తెలుగు వ్యాకరణము వెలువడెను.

తరువాతి కథ మనవారిదే. 1854లో వావిళ్ళ రామస్వామి శాస్త్రులు గారు మద్రాసులో ముద్రణాలయము స్థాపించిరి. మహారాష్ట్రమున నున్న మనకు మరియొక సంగతి గర్వకారణము. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్రపత్రిక పుట్టినది తెలుగు గడ్డపై కాదు, 1908లో బొంబాయిలో. 1914లో అది మద్రాసున దినపత్రిక యయ్యెను. ఆ పత్రిక ఉగాది సంచికలు తెలుగు ఇండ్లలో దాచుకొను వస్తువులయ్యెను. మన సంచికకును ఆ మాదిరియే వరవడి.

సీసపు కాలమున అక్షరములు పేర్చువానిని కంపోజిటరు అనెడివారు. అతని ముందు వందలకొద్ది గళ్ళు గల అర లుండును. క కారమునకు ఒక గడి, కి కారమునకు ఒక గడి, క్రింది వత్తులకు వేరు గళ్ళు. పొల్లక్షరములకును గళ్ళు కలవు. పదముల నడుమ ఖాళీ కూడ ఒక సీసపు బిళ్ళయే. వ్రాతప్రతిలో మాట క్రింద అలల గీత గీచినచో అది బొద్దు అక్షరములలో పడవలెను. ఇంగ్లీషు మాట క్రింద తిన్నని గీత గీచినచో అది వాలు అక్షరములలో పడవలెను. ఈ సంకేతములను కంపోజిటరు కంటితో చదివి చేతితో అమలు జరిపెను. అతడు పెద్ద చదువు చదువకపోయినను తెలుగు చదువ నేర్చినవాడు. తలక్రిందుగా, కుడి ఎడమగా నున్న అక్షరమును చదువగలవాడు. వ్రాసినవారు "దుఃఖము" బదులు వేరొకటి వ్రాసినచో అతడే సరిచేసెడివాడు. అచ్చయిన పిమ్మట అక్షరములను తిరిగి గళ్ళలో వేయునపుడు ఒకటి తప్పు గడిలో పడినచో, తరువాతి పనిలో ఒక తప్పు వచ్చును. ఒక తప్పునకు ఒక తప్పే. ఒక్క వ్రేటుతో పుస్తకమంతయు చెడు మార్గము ఆ యంత్రమునకు లేదు.

రూపము, ధ్వని

1985లో అమెరికాలోని సియాటిల్ నగరమునుండి పేజ్‌మేకరు అను పుటల కూర్పు సాధనము వెలువడెను. దానిని తయారుచేయించిన పాల్ బ్రెయినర్డు తన సంస్థకు ఆల్డస్ అని పేరు పెట్టెను. వెనీసు నగరమున 1501లో వాలు అక్షరములతో పుస్తకము అచ్చు వేసిన ఆల్డస్ మనూషియస్ అను ముద్రాపకుని పేరది. 1994లో ఆ సంస్థ అడోబీలో కలసెను. మన దేశమున వీధివీధికిని వెలసిన డి.టి.పి. అంగళ్ళన్నియు ఈ సాధనముతో బ్రతికినవే.

కాని అది ఇంగ్లీషునకై పుట్టినది. దాని అక్షరముల పట్టికలో 256 స్థానములు మాత్రమే. తెలుగును అందులో ఇముడ్చుటకు అను ఫాంట్లు, శ్రీలిపి మొదలగు వానిని చేసినవారు ఒక ఉపాయము పన్నిరి. అక్షరమును తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు అను తునకలుగా విడదీసి, ఆ తునకలను ఇంగ్లీషు అక్షరముల స్థానములలో కూర్చుండబెట్టిరి. కంటికి తెలుగు, యంత్రమునకు మాత్రము అది అర్థములేని ఇంగ్లీషు అక్షరముల వరుస. ఆ ఉపాయము లేకున్నచో తెలుగు ప్రచురణ ఆ పదిపదునైదేండ్లు ఆగిపోయెడిది. ఆ ఋణము మరువరాదు. కాని ఒక్కొక్కరి పట్టిక ఒక్కొక్క తీరు. ఒక ఫాంటులో కొట్టినది మరియొక ఫాంటులో చదువరాదు. ఒకే అక్షరమును ఇద్దరు రెండు విధముల తునకలతో కట్టవచ్చును. కంటికి రెండును ఒకటే. వెదకుమన్నచో యంత్రమునకు రెండును వేరు.

దీని ఫలమును మన సంఘపు బీరువాయే చూపుచున్నది. సీసపు అక్షరములతో అచ్చయిన పాత సంచికలు పసుపు వన్నె తిరిగినను నేటికిని చదువనగును. తొంబదులలో కంప్యూటరున కూర్చిన సంచికల ఫ్లాపీలు మాత్రము, అతికష్టముమీద తెరచినను, తెరపై వింత గుర్తులనే చూపుచున్నవి. కాగితపు ప్రతి పోయిన ఏటికి మనకు సంచికయే లేదు.

రెండవ మార్గము ధ్వనిని పట్టినది. 1991లో భారతీయ ప్రమాణముగా వెలువడిన ఇస్కీ పట్టిక, అదే ఏట అక్టోబరులో వెలువడిన యూనికోడు మొదటి కూర్పు, రూపమునకు గాక వర్ణమునకు సంఖ్య నిచ్చెను. యూనికోడులో తెలుగునకు 128 స్థానములు కేటాయించిరి. "స్త్రీ" అను ఒక్క అక్షరము యంత్రమున ఆరు గుర్తులుగా నుండును: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. వానిని కలిపి ఒక్క రూపముగా చూపుట ఫాంటు పని. మనము బడిలో గుణింతము నేర్చిన తీరే ఇది. 2001లో విండోస్ ఎక్స్.పి.తో గౌతమి ఫాంటు వచ్చుటతో సామాన్యులకును ఈ మార్గము తెరువబడెను.

వెదకి మార్చు విద్య

ఇక శుభ్రపరచు ఆజ్ఞల పుట్టుక. స్టీఫెన్ క్లీని అను అమెరికా గణితశాస్త్రజ్ఞుడు నరముల వలల నమూనాలను గూర్చి ఆలోచించుచు, గుర్తుల వరుసలను సూత్రములతో వర్ణించు విధము కనిపెట్టెను. ఆ వ్యాసము 1956లో అచ్చయ్యెను. "ఫలానా గుర్తు ఎన్నిమార్లయినను" అని చెప్పుటకు నక్షత్రపు గుర్తు పెట్టుట ఆయన పేరనే చెల్లుచున్నది. కెన్ థాంప్సన్ దానిని యంత్రమున వెదకులాటకు వాడు విధమును 1968లో ప్రకటించెను. ఆయన బెల్ ప్రయోగశాలలో చేసిన గ్రెప్ అను సాధనము 1973 నాటికి యూనిక్సులో చేరెను. అది పుట్టిన వృత్తాంతమును బ్రయన్ కెర్నిహాన్ చెప్పియున్నాడు. 1787, 1788 సంవత్సరములలో మారుపేరుతో వెలువడిన ఫెడరలిస్టు వ్యాసములలో ఏది ఎవరు వ్రాసినదో తేల్చుటకు లీ మక్‌మాన్ అను సహచరుడు ప్రయత్నించుచుండెను. అంత గ్రంథము నాటి సాధనమున పట్టలేదు. అందుచేత థాంప్సన్ వెదకు భాగమును మాత్రము వేరుచేసి ఇచ్చెనట. చూడుడు, ఈ విద్యయు పాత గ్రంథమును పరిశీలించు అవసరమునుండియే పుట్టినది. మన బ్రౌను కొలువులోని పండితుల పనికిని దీనికిని చుట్టరికము కలదు.

అడోబీవారి ఇన్‌డిజైన్ 1999లో వెలువడెను. నేడు మన సంచిక కూర్చునది దానితోనే. బ్రెండన్ ఐక్ 1995లో పది దినములలో రూపొందించిన జావాస్క్రిప్టు భాషలో దానికి ఆజ్ఞలు వ్రాయు వీలు 2003లో వచ్చెను. గ్రెప్ సూత్రములతో వెదకి మార్చు వీలు 2007లోను, ఆ సూత్రములను శైలులలోనే ఇమిడ్చు వీలు 2008లోను చేరెను. తెలుగు మొదలగు పది భారతీయ భాషలను సరిగా కూర్చు వీలు 2012లో వచ్చిన సి.ఎస్. 6 కూర్పున కలిగెను. ఈ వరుసను గమనింపుడు. శుభ్రపరచు చీపురు ముందు వచ్చెను. తెలుగు అక్షరము ఆ ఇంట అయిదేండ్ల తరువాత అడుగుపెట్టెను. చీపురు చేసినవారి మనసులో తెలుగు లేదు.

పని జరుగు తీరు

పని యెట్లుండునో కొంచెము చెప్పెదము. సంచికకు రచనలు నలుబది చేతులనుండి వచ్చును. ఒకరు ఫోనులో కొట్టి పంపుదురు, ఒకరు పాత ఫాంటులో, ఒకరు ఇంగ్లీషు స్పెల్లింగుతో మార్పించి. ఒకరి మాటల నడుమ రెండేసి ఖాళీలు, ఒకరి పేరాల నడుమ మూడేసి ఖాళీ పంక్తులు. ఒకరు శీర్షికను ఎరుపు చేసెదరు, మరియొకరు ప్రతి మూడవ మాటను బొద్దు చేసెదరు. నలుబది రచనలను ఒక్క వేషమునకు తెచ్చుటకు చేతితో రెండు వారములు పట్టును. ఆజ్ఞాపత్రము నిమిషములో చేయును. ఇన్‌డిజైన్‌తో ఉచితముగా వచ్చు మాదిరి స్క్రిప్టులలో ఒకటి, వేరుగా నున్న ఒక జాబితాను చదివి, అందులోని ప్రతి పంక్తిని ఒక ఆజ్ఞగా అమలు జరుపును. రెండు మూడు ఖాళీలను ఒకటి చేయుట వంటివి అందులో ముందే యున్నవి.

వేషము సంగతిలో క్రమము ముఖ్యము. ముందు ఎక్కడెక్కడ బొద్దు అక్షరములు కలవో వెదకి, వానికి "ప్రాధాన్యము" అని పేరు గల అక్షరశైలి తగిలించవలెను. ఆ పిమ్మట మిగిలిన రంగులు, కొలతలు తుడిచివేయవలెను. క్రమము తారుమారయినచో రచయిత నొక్కి చెప్పిన మాట తక్కినవానిలో కలసిపోవును. తెలుగునకు వాలు అక్షరముల సంప్రదాయము లేదు. యంత్రము నిలువు అక్షరమునే ప్రక్కకు వంచి చూపును. క్రింద గీత గీచినచో అది వత్తులను కోయును. కాన ఇంగ్లీషులో వాలుగా వేయు పుస్తకముల పేర్లకు మనము బొద్దు అక్షరములో, వేరు ఫాంటో వాడుటయే మేలు. ఫాంటు మార్చినప్పుడు పంక్తుల ఎడమును చూడవలెను. చూడకున్నచో పై పంక్తి వత్తు క్రింది పంక్తి గుడిపై పడును.

మరియొక కిటుకు మా ఉద్యోగమునకు దగ్గరిది. ఆజ్ఞాపత్రము మార్చవలసిన చోట్లను ముందు లెక్కించి ఉంచుకొనును. మొదటి చోటునుండి మార్చుచు పోయినచో, ఒక అక్షరము తగ్గగానే తరువాతి చోట్ల లెక్క తప్పును. అందుచే చివరినుండి మొదటికి రావలెను. గూడ్సుబండిలో మొదటి పెట్టె విప్పిన వెనుకవాని వరుస సంఖ్యలన్నియు మారును. చివరి పెట్టె విప్పినచో ముందువాని సంఖ్యలు మారవు. ఈ పోలికతో మాకు ఆ సంగతి ఒక్కసారిగా బోధపడెను.

చెత్త యేది, అక్షర మేది

ఇప్పుడు అసలు కష్టమునకు వత్తము. "దుఃఖము" అను మాటలో విసర్గకు బదులు రెండు చుక్కల విరామచిహ్నము కొట్టువారు మనలో చాలమంది. తెలుగు అక్షరముల నడుమ ఆ చిహ్నమున్నచో విసర్గగా మార్చుమని ఆజ్ఞ వ్రాయుట సులభము. కాని విరాళముల పట్టికలో ఖాళీ విడువక "గ్రామము:సిరిసిల్ల" అని యుండును. అదియు "గ్రామముఃసిరిసిల్ల" యగును. కావున దుఃఖము, అంతఃకరణము, ప్రాతఃకాలము వంటి మాటలను పేరుపేరున చెప్పి మార్పించవలెను. సున్న స్థానమున తెలుగు అంకె ౦ కొట్టువారు కలరు. కంటికి భేదమే కానరాదు. ఐత్వమును ఒక్క గుర్తుగాను, ఎత్వమును దాని క్రింది కొసను కలిపి రెండు గుర్తులుగాను యంత్రమున నిలుపవచ్చును. యూనికోడు రెండింటిని సమానమే అన్నది. వానిని ఒకటి చేయుట మంచి శుభ్రము.

ఖాళీల సంగతిలోను గోతులు కలవు. గ్రెప్‌లో "ఏ ఖాళీయైనను" అను గుర్తు పేరా చివరి విరుపును కూడ ఖాళీగానే లెక్కించును. రెండు ఖాళీలను ఒకటి చేయుమన్నప్పుడు ఆ గుర్తు వాడినచో, పంక్తి చివర ఒక ఖాళీ మిగిలిన పద్యమున పాదములు కలసి వచనమగును. నిరుడు ఒక కవిగారి సీసపద్యము అట్లే వార్త వలె అచ్చయినది.

అన్నింటికంటె పెద్ద గొయ్యి కంటికి కానరాని ఒక గుర్తు. యూనికోడులో 200సి అను స్థానమున నున్న దానికి రూపము లేదు, వెడల్పు లేదు. పొల్లు తరువాత అది యున్నచో, "ఇక్కడ తరువాతి అక్షరమును వత్తుగా దించకుము" అని ఫాంటునకు చెప్పును. అది లేకున్నచో యంత్రము తెలుగు నియమము చొప్పున వత్తు కట్టును. అందుచేతనే సోలాపూర్ తరువాత "లో" చేర్చినప్పుడు ఆ గుర్తు కావలెను.

మన తెలుగు అజంతమయిన భాష. తెలుగు మాటలు సామాన్యముగా అచ్చుతోనే ముగియును గనుక పెద్దలకు ఈ చిక్కు అంతగా లేకుండెను. ఇంగ్లీషు మాట వచ్చినను స్టేషను, ఆఫీసు అని ఉకారము చేర్చి కడుపులో పెట్టుకొనిరి. సీసపు కాలమున పొల్లక్షరము ప్రక్కన మరియొక అక్షరము నిలిపినచో చాలును. కాని నేటి పేర్లు, ఊళ్ళు, పదవులు హల్లుతో ముగియుచున్నవి. మనిషి పేరునకు మన ఇష్టము వచ్చినట్లు ఉకారము చేర్చుటకు మన కధికారము లేదు.

నిరుడు శుభ్రము చేసిన కుఱ్ఱవాడు మరాఠీవాడు, పనిమంతుడు. అతనికి ద్వేషమేమియు లేదు. మరాఠీలో "సోలాపూర" అని వ్రాసి "సోలాపూర్" అని చదువుదురు. పదము చివర పొల్లే ఉండదు గనుక, అతని భాషకు అక్కడ ఈ కానరాని గుర్తుతో పనిలేదు. ఇంటర్నెట్టునుండి నకలు చేసిన రచనలలో ఇట్టి కానరాని గుర్తులు చెత్తగా చేరుట అతడు నిత్యము చూచుచున్నాడు. కాన అన్నింటిని ఊడ్చుమని ఆజ్ఞ వ్రాసెను. చెత్తతోపాటు మన పేర్లును పోయెను. తప్పు అతనిది సగము. తెలుగు తెలిసిన మనలో ఒక్కరమును ఆ రాత్రి అతని ప్రక్కన కూర్చుండకపోవుట మిగిలిన సగము.

మన కర్తవ్యము

పెద్దలకు ఇది చిన్న అచ్చుతప్పుగా తోచవచ్చును. వారికి సరియైన రూపము తెలియును. తప్పును చూచి నవ్వుకొని సరిగా చదువుకొందురు. కాని మన పిల్లలలో చాలమందికి ఇంట కనబడు తెలుగు అచ్చుప్రతి ఈ సంచిక యొక్కటే. ఇందులో ఏది పడిన అదియే వారికి ఒప్పు. మా అన్నగారి కూతురు బడికి తెచ్చుకొను పుస్తకముపై తన ఊరి పేరును నిరుటి సంచికలో చూచిన తీరుననే, రకారము క్రింద లకారపు వత్తుతో వ్రాసికొనెను. దిద్దబోగా, "పుస్తకంల గిట్లనే ఉంది గద చిన్నాయినా" అని సంచిక తెచ్చి చూపెను. మావద్ద జవాబు లేకపోయెను.

అందుచే ఈ ఏడు సంపాదక వర్గము అనుమతితో కొన్ని కట్టుబాట్లు చేసికొంటిమి. శుభ్రము చేయుట ప్రూఫులకు ముందే జరుగవలెను గాని తరువాత కాదు. శుభ్రమునకు ముందటి ప్రతిని చెక్కుచెదరకుండ వేరుగా దాచవలెను. ఆజ్ఞల జాబితాను కాగితముపై అచ్చు తీసి, ప్రతి పంక్తి ప్రక్కన అది ఏమి చేయునో తెలుగున వ్రాయవలెను. మారిన మాటలను పాతవి ఒక వరుస, క్రొత్తవి ఒక వరుసగా తీయించి, తెలుగు చదువనేర్చిన ఇద్దరు చూడవలెను. పేర్ల పట్టికపై ఏ ఆజ్ఞయు నడుపరాదు, అది చేతితోనే. పాత ఫాంటులలోని సంచికలను, వానిని చదువగల యంత్రములు మిగిలియుండగానే యూనికోడునకు మార్పించి, మార్చిన దానిని అచ్చుప్రతితో పోల్చి చూడవలెను.

పరిశీలించి చూచినచో వీనిలో క్రొత్త యేమియు లేదు. ముందు పోల్చుము, పిమ్మట దిద్దుము, పాతదానిని పారవేయకుము అని బ్రౌను కొలువులో పండితులు చేసినదే ఇది. వారు నెలల తరబడి చేసిన పనిని యంత్రము నిమిషములో చేయుచున్నది. మంచిదే. కాని చదివి, ఇది చెత్త, ఇది అక్షరము అని విడదీయు పని మాత్రము నేటికిని తెలుగు చదువనేర్చిన కన్నుదే. ఆ కన్ను మన పిల్లలలో మిగిలియున్నంతవరకే ఈ సంచికకు అర్థము కలదు. కాన ప్రూఫులు దిద్దు సాయంకాలములకు పెద్దలు తమ పిల్లలను కూడ తోడ్కొని రావలెనని ప్రార్థించుచున్నాము.

పెద్దమ్మ అడిగిన మాటకు సంఘము జవాబు చెప్పినది. ఆ అరపుట ప్రకటనను ఈ సంచికలో రుసుము లేకుండ మరల అచ్చు వేయించినాము. అందులోని పేరును మేము మూడుమార్లు చదివి, నాలుగవమారు ఆమెచేతనే చదివించితిమి. సరిగానే యున్నదని ఆమె తల యూపిరి.